కుంకుమపువ్వు పోగులు తీశాక మిగిలే ఊదా రేకుల్లో ఏముంది?

పాలలోనో పాయసంలోనో వేసుకునే ఎర్రని కుంకుమపువ్వు పోగులు, అవి పూసిన పూవు మొత్తం బరువులో చాలా చిన్న భాగం. మిగతా పూవంతా, అంటే ఊదారంగు రేకులూ పసుపుపచ్చని కేసరాలూ, పోగులు తీసిన రోజే కుప్పగా మిగిలిపోయి చాలా చోట్ల పొలం గట్టుకో ఎరువు గుంతకో చేరుతుంది. కొన్నేళ్లుగా ఈ కుప్ప మీద పరిశోధకుల దృష్టి పడింది. ఆ వెంటే వార్తలూ వచ్చాయి: పారేసే రేకుల్లో ఔషధ గుణాలున్నాయని, చర్మానికి మంచివని, దిగులును తగ్గిస్తాయని, కుంకుమపువ్వుకు ఉన్న గుణాలన్నీ వాటికీ ఉన్నాయని. వీటిలో కొన్నిటికి ప్రయోగశాల ఆధారం ఉంది, కొన్నిటికి చిన్నపాటి వైద్య పరీక్షల ఆధారం ఉంది, కొన్నిటికి ఏదీ లేదు. పోగులనూ రేకులనూ ఒకే గాటన కట్టడంతోనే ఈ గందరగోళం మొదలవుతోంది. రసాయనాల సంగతి చూస్తే అవి రెండూ వేర్వేరు సరుకులు.

ఒక పూవును విప్పి చూస్తే

కుంకుమపువ్వు మొక్క శాస్త్రీయ నామం క్రోకస్ సటైవస్. చిన్న ఉల్లిగడ్డంత ఉండే దాని కందం నుంచి శరదృతువులో పూలు వస్తాయి. కాశ్మీర్‌లోని పాంపోర్ దగ్గర కరేవాలనే ఎత్తైన మెట్ట నేలల్లో అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా, ఇరాన్‌లోని ఖొరాసాన్‌లోనూ స్పెయిన్‌లోని లా మాంచాలోనూ దాదాపు అదే కాలంలో, మొత్తం మీద రెండు మూడు వారాలే పూత ఉంటుంది. ఎండ ముదరక ముందే పూలు కోసి, బుట్టల్లో ఇంటికి తెచ్చి, కుప్ప చుట్టూ కూర్చుని ఒక్కో పూవునూ చేత్తో విప్పుతారు.

అలా విప్పినప్పుడు కనిపించేవి మూడు భాగాలు. బయట ఆరు ఊదా రేకులుంటాయి. ఈ పూవులో రక్షకపత్రాలకూ ఆకర్షణపత్రాలకూ తేడా ఉండదు కాబట్టి వృక్షశాస్త్రంలో వీటిని పరిపత్రాలంటారు. ఈ వ్యాసంలో మాత్రం రేకులనే అందాం. లోపల మూడు కేసరాలు, వాటి మీద పసుపుపచ్చని పుప్పొడి సంచులు ఉంటాయి. నడుమ పూవు గొట్టంలోంచి పైకి వచ్చే సన్నని కీలం మూడుగా చీలి ఎర్రని కీలాగ్రాలవుతుంది. మనం పోగులనేది వీటినే. కీలాన్ని వేలిగోటితో ఎక్కడ తెంపుతారన్నదాన్ని బట్టి సరుకు పేరు మారుతుంది. ఎర్రని భాగం మాత్రమే ఉంటే కాశ్మీర్‌లో దాన్ని మోంగ్రా అంటారు, అడుగున పాలిపోయిన తోక కూడా ఉంటే లచ్ఛా అంటారు. తెంపేవారి వేళ్లకు అంటే పసుపు మరక పోగులది. పక్కన పెరిగే ఊదా కుప్ప సాయంత్రానికి చెమ్మగిల్లి ముద్దవుతుంది, మర్నాటికి రేకుల అంచుల వెంట గోధుమరంగు తిరుగుతుంది. ఈ గోధుమరంగే తర్వాత పెద్ద ఆర్థిక సమస్య అవుతుంది.

ఈ మొక్కలో క్రోమోజోములు రెండు వరుసలుగా కాక మూడు వరుసలుగా ఉంటాయి. అందువల్ల అది విత్తనం కట్టదు. గ్రీసులో పెరిగే క్రోకస్ కార్ట్‌రైటియానస్ అనే అడవి జాతి నుంచి ఇది వచ్చిందని 2019లో వెలువడిన జన్యు అధ్యయనాలు చూపాయి. అప్పటి నుంచి ఇప్పటిదాకా మనుషులు కందాలు విడదీసి నాటితేనే ఈ మొక్క బతుకుతోంది. తేనెటీగలను పిలవడానికి ఏర్పడిన ఊదారంగు దానికి ఇప్పుడు గింజ కట్టడంలో ఏమాత్రం పనికిరాదు. అయినా ప్రతి పూవులోనూ ఆ రంగు పదార్థాలను అది తయారు చేస్తూనే ఉంది, మనం పారేస్తున్నదీ వాటినే.

కిలో పోగుల వెనుక ఎంత పూవు?

ఒక పూవులోని పోగులు ఎండాక 6 నుంచి 7 మిల్లీగ్రాములు తూగుతాయి. కిలో అంటే 10 లక్షల మిల్లీగ్రాములు. దాన్ని ఏడుతో భాగిస్తే 1,43,000 దాకా వస్తుంది, కొంత తరుగు కలుపుకుంటే కిలోకు లక్షన్నర పూలు అనే వాడుక లెక్క అక్కడి నుంచే వచ్చింది. తాజా పూవు ఒక్కొక్కటి 0.4 గ్రాములనుకుంటే లక్షన్నర పూలు 60 కిలోలు. పచ్చి పోగులు ఎండితే బరువు ఐదో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఆ 60 కిలోల్లో పోగుల వాటా 5 కిలోలు, మిగిలేది 55 కిలోలు. స్పెయిన్ పరిశోధకులు 60 కిలోల పైచిలుకు చెబుతారు. పూవు పరిమాణాన్ని బట్టీ కోసిన వేళను బట్టీ తేమను బట్టీ ఈ అంకె అటూ ఇటూ అవుతుంది.

ఇంతవరకూ వార్తల్లో వస్తుంది. రానిది తర్వాతి మెట్టు. ఆ 55 కిలోల్లో పదింట తొమ్మిది పాళ్ల దాకా నీరే. ఎండబెడితే ఆరు కిలోలకు అటూ ఇటూ మిగులుతుంది. అందులో ఉపయోగపడే ఫ్లేవనాయిడ్లు, లెక్క కోసం, 5 శాతం అనుకుంటే 300 గ్రాములు. ‘కిలో కుంకుమపువ్వుకు 60 కిలోల సంపద వృథా’ అనే శీర్షికలు ప్రధానంగా తూకం వేస్తున్నది నీటినే. అలాగని 300 గ్రాములు తీసిపారేయదగ్గవి కావు. ప్రపంచ ఉత్పత్తిలో పదింట తొమ్మిది పాళ్లు ఇరాన్‌వే కాబట్టి, అక్కడి ఒక్కో జిల్లాలో పేరుకునే కుప్పను చూస్తే పరిశోధకులు ఎందుకు ఆశపడుతున్నారో అర్థమవుతుంది.

పోగుల రసాయనం వేరు, రేకుల రసాయనం వేరు

పోగుల విలువ మూడు పదార్థాల మీద నిలబడి ఉంది. రంగునిచ్చేది క్రోసిన్, చేదునిచ్చేది పిక్రోక్రోసిన్, వాసననిచ్చేది సఫ్రనాల్. ఈ మూడూ ఒకే మూలం నుంచి పుడతాయి. మొక్కజొన్న గింజలకు పసుపు రంగునిచ్చే జియాజాంథిన్ అనే కెరోటినాయిడ్ పోగుల్లో తయారవుతుంది. సీసీడీ2 అనే ఎంజైము, దీన్ని 2014లో గుర్తించారు, ఆ పొడవైన అణువును రెండు చివర్లా కత్తిరిస్తుంది. మధ్య ముక్కకు చక్కెర అణువులు తగులుకుంటే క్రోసిన్ అవుతుంది. చక్కెర ఉండబట్టే మిగతా కెరోటినాయిడ్ల మాదిరి నూనె కోసం చూడకుండా అది పాలలోనూ నీటిలోనూ కరుగుతుంది. తెగిపడిన చివరి ముక్కలు చక్కెరతో కలిసి పిక్రోక్రోసిన్ అవుతాయి, పోగులను ఎండబెట్టినప్పుడు అందులోంచి సఫ్రనాల్ పుట్టి వాసన వస్తుంది.

ఆ కత్తిరింపు ప్రధానంగా కీలాగ్రాల్లోనే జరుగుతుంది. అందుకే రేకులను పాలలో ఎంత మరిగించినా కుంకుమపువ్వు రంగు, రుచి, వాసన రావు. రేకుల్లోనూ క్రోసిన్లు కనిపించాయని కొన్ని ప్రయోగశాలలు చెప్పిన మాట నిజమే, కానీ పోగుల్లో ఉండే మోతాదుతో పోలిస్తే అది చాలా స్వల్పం.

రేకుల్లో దండిగా ఉండేవి ఫ్లేవనాయిడ్లు. మొక్కలు ఎండ నుంచీ పురుగుల నుంచీ తమను కాపాడుకోవడానికి, రంగు తెచ్చుకోవడానికి తయారు చేసుకునే ఒక పెద్ద రసాయన కుటుంబం పేరు అది. కుంకుమపువ్వు రేకుల్లో ఆ కుటుంబానికి చెందిన రెండు శాఖలు ముఖ్యమైనవి. ఒకటి ఫ్లేవనాల్స్. వీటిలో కెంఫెరాల్ అనే అణువుకు రెండు గ్లూకోజులు జతపడి ఏర్పడే కెంఫెరాల్ సోఫోరోసైడ్‌దే పైచేయి. క్వెర్సెటిన్, ఐసోరామ్నెటిన్ సంబంధితాలు దాని వెనుక ఉంటాయి. ఇవి మన కంటికి రంగుగా కనిపించవు. అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటాయి. రెండోది ఆంథోసయనిన్లు. రేకులకు ఊదా రంగునిచ్చేవి ఇవే, వాటిలో ముఖ్యమైనది డెల్ఫినిడిన్‌కు రెండు గ్లూకోజులు జతపడిన రూపం. ఇవి కాక పీచు, పొటాషియం వంటి ఖనిజాలు కూడా ఉంటాయి, కానీ వాటి కోసం ఈ రేకుల దాకా వెళ్లే అవసరం ఎవరికీ లేదు.

ఈ పేర్లు కొత్తగా అనిపించినా పదార్థాలు మనకు కొత్తవి కావు. కెంఫెరాల్ మునగాకులో ఉంది, క్వెర్సెటిన్ ఉల్లిపాయలో ఉంది. డెల్ఫినిడిన్ రూపాలు వంకాయ తొక్కలోనూ, ఎర్రగోంగూర కాయను చుట్టి ఉండే కండగల ఎర్ర రేకుల్లోనూ, శంఖుపూలలోనూ ఉన్నాయి. కాబట్టి కుంకుమపువ్వు రేకుల ప్రత్యేకత అరుదైన అణువులుండటం కాదు. ఒకే ఫ్లేవనాల్ మిగతావాటిని మించి ఉండటం వల్ల దాన్ని శుద్ధి చేసి తీయడం కొంత సులువు కావడం, ఆ ముడిసరుకు ఎలాగూ పారేసేదే కావడం. రెండూ చెప్పుకోదగ్గ లాభాలే. అయితే అవి పరిశ్రమకు సంబంధించిన లాభాలు, వాటినే వైద్య గుణాలుగా చదవడం పొరపాటు.

పోగుల కీర్తిని రేకులకు అప్పు తెచ్చే ప్రకటనల గురించి ఇక్కడే ఒక మాట. పోగుల గురించి ఇంటింటా ఉన్న నమ్మకాలన్నిటికే ఆధారం లేదు. గర్భిణి కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్నది అలాంటిదే. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. అలాంటి నమ్మకాన్ని, అదే రసాయనం లేని రేకుల పొట్లం మీద ముద్రించడం రెండింతలు తప్పు.

ఊదా రంగు ఎందుకు నిలవదు?

ఆంథోసయనిన్ల రంగు ద్రావణంలోని ఆమ్లాన్ని బట్టి మారుతుంది. శంఖుపూల నీలి కషాయంలో నిమ్మరసం పిండితే అది ఊదాగా మారడం ఈమధ్య హోటళ్లలోనూ చూపిస్తున్నారు. కుంకుమపువ్వు రేకుల సారం కూడా అంతే: ఆమ్లంలో ఎర్రగా, క్షారం పెరిగేకొద్దీ నీలిగా, ఆకుపచ్చగా మారి చివరికి పాలిపోయి పసుపవుతుంది. కానీ రెండిటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. శంఖుపూలలోని డెల్ఫినిడిన్‌కు చక్కెరలతో పాటు కొన్ని ఆమ్ల శకలాలు కూడా అతుక్కుని ఉంటాయి. అవి అణువు మీదికి వంగి దాన్ని నీటి దాడి నుంచి కాపాడతాయి, అందుకే ఆ నీలం చాలాసేపు నిలుస్తుంది. కుంకుమపువ్వు రేకుల్లో ముఖ్యమైన ఆంథోసయనిన్‌కు ఆ రక్షణ లేదు. వేడి, వెలుతురు, ఆమ్లం తగ్గడం, వీటిలో ఏది తగిలినా త్వరగా రంగు కోల్పోతుంది.

ఆహార రంగుగా వాడవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఈ తేడాలో ఉంది. ఆంథోసయనిన్లు ఈ163 అనే సంఖ్యతో ఆహార రంగులుగా ఇప్పటికే చెలామణిలో ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం వైన్ తయారీలో మిగిలే ద్రాక్ష తొక్కల నుంచి వస్తుంది. ఇంత త్వరగా పాలిపోయే రంగుతో, ధరలో ద్రాక్ష తొక్కతో పోటీపడటం ఈ రేకులకు సాధ్యమయ్యే పని కాదు.

యాంటీఆక్సిడెంట్ అన్న మాట ఎంతవరకు చెల్లుతుంది?

రేకుల గురించిన వ్యాసాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మాట ఇదే. కణాలను దెబ్బతీసే చురుకైన అణువులకు ఎలక్ట్రాన్ ఇచ్చి వాటిని చల్లార్చే పదార్థమని దానర్థం. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో రేకుల సారం కలిపితే, సారంలోని అణువులు ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని పసుపుకు మారుస్తాయి. ఎంత త్వరగా, ఎంత తక్కువ సారంతో మారిందన్నది కొలుస్తారు. కుంకుమపువ్వు రేకులు ఈ పరీక్షలో బాగా నెగ్గుతాయి. ఫ్లేవనాయిడ్లు దండిగా ఉన్న ఏ మొక్క సారమైనా నెగ్గుతుంది.

పరీక్షపాత్రలో జరిగినదే ఒంట్లోనూ జరుగుతుందన్న హామీ లేదు. ఓరాక్ అనే ఇదే తరహా కొలతతో ఆహార పదార్థాలకు ర్యాంకులిచ్చే పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తొలగించింది. ఆ అంకెలకూ ఆరోగ్య ఫలితాలకూ సంబంధం తేలకపోగా, కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయన్నది అది చెప్పిన కారణం. పైగా, నోటి ద్వారా తీసుకున్న ఫ్లేవనాల్‌లో కొంతే ఒంటికి పడుతుంది. పేగులో చక్కెర ఊడిపోతుంది, పేగు గోడా కాలేయమూ మిగిలిన అణువుకు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి బయటికి పంపే ఏర్పాటు చేస్తాయి. గాజుపాత్రలో కొలిచిన అణువూ రక్తంలో తిరిగే అణువూ ఒకటి కాదు, మోతాదు కూడా ఒకటి కాదు.

ఫ్లేవనాయిడ్లకు ఒంట్లోనూ ప్రభావం ఉంటుందనేవారి వాదనలోనూ బలం ఉంది. ఒంటికి పట్టకుండా పెద్దపేగు దాకా వెళ్లిన భాగం వృథా అయినట్టు కాదని, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగా వచ్చే చిన్న అణువులకూ ప్రభావం ఉండవచ్చని వారంటారు. ఫ్లేవనాయిడ్లు ఎలక్ట్రాన్ దానం చేయడం కంటే కణాల్లోని సంకేత వ్యవస్థల మీద పనిచేయడమే అసలు విషయమని కూడా అంటారు. జంతువుల్లో కొంత ఆధారం కనిపించింది: ఇరాన్‌లోని మష్హద్ పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో పోగుల సారంతో పాటు రేకుల సారం కూడా ఎలుకల్లో నొప్పినీ వాపునూ కొంత తగ్గించింది.

టెహ్రాన్ పరీక్షలు ఏం చూపాయి, ఏం చూపలేదు

‘రేకులు దిగులును తగ్గిస్తాయి’ అన్న వార్తకు మూలం టెహ్రాన్‌లో జరిగిన రెండు చిన్న పరీక్షలు. 2006లో వెలువడినదానిలో ఒక మోస్తరు డిప్రెషన్ ఉన్న 40 మందిలో కొందరికి రోజుకు 30 మిల్లీగ్రాముల రేకుల సారాన్ని, మిగతావారికి ఉత్తుత్తి మాత్రను ఆరు వారాలు ఇచ్చారు. సారం తీసుకున్నవారు ఎక్కువ మెరుగుపడ్డారు. 2007లో వెలువడినదానిలో అదే మోతాదును ఫ్లూక్సెటిన్ అనే మందుతో 40 మందిలోనే ఎనిమిది వారాలు పోల్చి చూశారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపినవి కాబట్టి పద్ధతిలో తేలికపాటివి కావు.

చిక్కు సంఖ్యలో ఉంది. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక్కో జట్టులో 20 మంది, మందు జట్టులో 13 మందికి, రేకుల జట్టులో 11 మందికి నయమైందనుకోండి. ఇద్దరి తేడా కేవలం కాకతాళీయంగా రావచ్చు కాబట్టి గణాంకశాస్త్రం ‘తేడా తేలలేదు’ అంటుంది. రేకుల జట్టులో 11కు బదులు 9 మందికే నయమైనా, అంటే 65 శాతానికి 45 శాతమైనా, ఇంత చిన్న పరీక్ష ‘తేడా తేలలేదు’ అనే అంటుంది. తేడా తేలకపోవడం వేరు, రెండూ సమానమని రుజువు కావడం వేరు. ‘డిప్రెషన్ మందుతో సమానం’ అనే శీర్షిక ఈ రెండిటినీ కలిపేసింది. ఉత్తుత్తి మాత్రతో కూడా చాలామంది కొంత మెరుగుపడటం డిప్రెషన్ పరీక్షల్లో తరచూ జరిగేదే.

ఇందులో శాస్త్రపరంగా ఆసక్తికరమైన ముడి ఒకటుంది. క్రోసిన్, సఫ్రనాల్ పెద్దగా లేని రేకులు కూడా పోగుల వంటి ఫలితమే ఇస్తే, ఆ పని చేస్తున్నది ఏది? కెంఫెరాల్ అని కొందరు అంటారు, ఎలుకల్లో దానికి కొంత మద్దతు ఉంది. అసలు ఫలితమే పెద్ద పరీక్షల్లో నిలబడుతుందో లేదో చూడాలని మరికొందరు అంటారు. రెండోవారి మాటే ముందు తేలాల్సినదని నాకనిపిస్తుంది. పైగా ఆ పరీక్షల్లో వాడినది కొలిచి క్యాప్సూళ్లలో నింపిన సారం. ఎండు రేకులతో కాచుకునే టీకి ఆ ఫలితాన్ని ఆపాదించడానికి వీల్లేదు.

గోధుమరంగు తిరిగే లోపు

రేకులు మంచివే అయితే ఎందుకు పారేస్తున్నారు? పోగులు తెంపిన క్షణం నుంచి రేకుల్లోని కణాలు నలుగుతాయి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలి తగిలి ఆంథోసయనిన్లనూ ఫ్లేవనాల్స్‌నూ తినేయడం మొదలుపెడుతుంది. గంటల్లో ఎండబెట్టాలి, లేకపోతే మిగిలేది గోధుమరంగు ముద్ద. ఆరు కిలోల ఎండు రేకుల కోసం దాదాపు 49 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కోత రెండు మూడు వారాలే కాబట్టి దీని కోసం పెట్టిన డ్రైయర్ ఏడాదిలో మిగిలిన కాలమంతా ఖాళీగా ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో ఇంటిల్లిపాదీ పోగుల మీదే పడి ఉంటారు. కిలో లక్షల్లో పలికే సరుకును వదిలి రేకులు ఆరబెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు.

వ్యాపార ప్రమాణాల దృష్టిలో ఈ రేకులు మురికి కింద లెక్క. కుంకుమపువ్వుకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 3632లో పోగుల మధ్య మిగిలిపోయిన రేకుల, కేసరాల ముక్కలు పూల వ్యర్థం. మొదటి తరగతి పోగుల్లో అది అర శాతం దాటకూడదు. రేకులకు మాత్రం స్వచ్ఛత ఇంత, కెంఫెరాల్ ఇంత అని కొనేవారూ అమ్మేవారూ ఒప్పుకున్న అలాంటి కొలబద్ద వాడుకలో లేదు, కాబట్టి ధర కుదరదు.

కాశ్మీర్‌లో సాగు విస్తీర్ణం 1996-97లో 5,707 హెక్టార్లుండగా 2009-10 నాటికి 3,715కు తగ్గింది. 2010-11లో మొదలైన జాతీయ కుంకుమపువ్వు మిషన్, 2020లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ఆ తరుగును ఆపడానికి చేసిన ప్రయత్నాలు. రేకుల ఆదాయం రైతుకు ఆసరా అవుతుందన్న వాదన ఈ నేపథ్యంలో ఆకర్షణీయంగా వినిపిస్తుంది. కానీ పూత తగ్గితే పోగులతో పాటు రేకులూ తగ్గుతాయి. వాన కురవని ఏడాది నష్టాన్ని పూడ్చే శక్తి దీనికి లేదు. రేకులు మట్టిలోనే కలవనివ్వాలనే వారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. అందులోని పొటాషియం తిరిగి పొలానికే చేరుతుంది.

తినడానికి సురక్షితమేనా?

పోగులను వేల ఏళ్లుగా తింటున్నారన్నది రేకులకు ధ్రువపత్రం కాదు. యూరోపియన్ యూనియన్ నిబంధనలు 1997 మే 15కు ముందు చెప్పుకోదగ్గ స్థాయిలో తినని ఆహారాన్ని కొత్త ఆహారంగా పరిగణిస్తాయి, ఆ పరిశీలన మొక్క మొత్తానికి కాక దానిలోని ఒక్కో భాగానికి విడిగా జరుగుతుంది. కేసరాలు కలిసిపోవడం మరో సమస్య: కుంకుమపువ్వు పనిచేసేవారిలో కొందరికి దాని పుప్పొడి వల్ల అలర్జీ వస్తుందని స్పెయిన్ వైద్యులు 1997లోనే నమోదు చేశారు. కందాలు కుళ్లకుండా వాడే శిలీంధ్రనాశకాల అవశేషాల సంగతి కూడా రేకులకు విడిగా పరీక్షించాల్సిందే.

కాల్చికం అనే మరో మొక్క ఊదా పూలు చూడటానికి దాదాపు ఇలాగే ఉంటాయి. అందులో కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఉంది. కుంకుమపువ్వుకు మూడు కేసరాలే ఉంటే కాల్చికానికి ఆరుంటాయి. కానీ రేకులను విడదీసి ఎండబెట్టాక ఆ ఆనవాలు మిగలదు.

తెలుగు రాష్ట్రాల గదుల్లో

చల్లదనాన్నీ తేమనూ అదుపు చేసిన గదుల్లో, ట్రేలలో కందాలు పేర్చి పూయించే ప్రయత్నాలు హైదరాబాద్ వంటి చోట్లా మొదలయ్యాయి. పూత వచ్చేదాకా కందానికి మట్టి అవసరం లేదు. తనలో దాచుకున్న పిండితోనే పూస్తుంది. ఈ పద్ధతిలో రేకులకు దుమ్మూ మట్టీ అంటవు, ఎండబెట్టే యంత్రం పక్క గదిలోనే ఉండవచ్చు, కాబట్టి పాంపోర్‌లో కుదరనిది ఇక్కడ కుదురుతుందని అనిపిస్తుంది. లెక్క వేస్తే, ఏడాదికి 100 గ్రాముల పోగులు తీసే గదిలో 15,000 పూలు పూయాలి. వాటి నుంచి ఐదున్నర కిలోల పచ్చి రేకులూ కేసరాలూ, ఎండాక 600 గ్రాములు, అందులో పైన అనుకున్న 5 శాతం చొప్పున 30 గ్రాముల ఫ్లేవనాయిడ్లు వస్తాయి. సారం తీసే పరిశ్రమ టన్నుల్లో ముడిసరుకు అడుగుతుంది. ఒక్క గది ఇచ్చే 600 గ్రాముల కోసం కొనుగోలుదారు రాడు; వేల కొద్దీ గదుల రేకులను ఒకచోట చేర్చి, ఒకే తేమకు ఎండబెట్టి, పరీక్షించి అమ్మే సహకార ఏర్పాటు ఉంటేనే ఆ అంకెకు ధర పలుకుతుంది.